జల్లెడ మీద మిగిలేది

భూసార పరీక్ష చేయించామని ఎవరైనా అంటే, చేతికి ఒక కార్డు వచ్చిందని అర్థం. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం ఆ కాగితాన్ని ఊరూరికీ చేర్చింది. అందులో పన్నెండు అంకెలుంటాయి: పీహెచ్, లవణాల మోతాదు చెప్పే ఈసీ, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. మంథని వైపు వరి పొలానికైనా, కమాన్‌పూర్ వైపు పత్తి చేనుకైనా ఈ పన్నెండూ బాగానే పనికొస్తాయి. అదే కార్డును నమ్ముకొని సెంటినరీ కాలనీ క్వార్టర్ల వెనక పెరట్లో కూరగాయలు వేసినా, ఓపెన్‌కాస్ట్ గని పక్కన పోసిన మట్టి గుట్ట మీద చెట్లు పెట్టినా, అంకెలన్నీ బాగున్నట్టే కనిపించి మొక్క మాత్రం ఎండిపోవచ్చు. ల్యాబు అబద్ధం చెప్పిందని కాదు. నమూనా తీసేటప్పుడు, దంచేటప్పుడు, జల్లించేటప్పుడు మనం తీసి పారేస్తున్న వాటిలోనే బొగ్గు ప్రాంతపు మట్టి రోగం చాలావరకు దాగి ఉంది.

సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. ఆ నూరేళ్ళ పేరే సెంటినరీ కాలనీకి వచ్చింది. ఇప్పుడది పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో ఉంది. చుట్టూ రామగుండం-3 ఏరియా ఓపెన్‌కాస్టులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని, గనుల పక్కనే ఏళ్ళ తరబడి పోసిన ఓవర్‌బర్డెన్ (ఓబీ) మట్టి గుట్టలు. ఇంకో పక్క ఔషధ మొక్కలకు పేరుపడ్డ రామగిరి గుట్ట. వాటి నడుమ శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళ మీదా, చెరువుల మీదా, బోర్ల మీదా సాగే పొలాలు. ఇంత కొద్ది దూరంలోనే మూడు రకాల నేల కనిపిస్తుంది. ఒకటి దానంతటది ఏర్పడి తరతరాలుగా దున్నుతున్న నేల. రెండోది కాలనీ కట్టేటప్పుడు చదును చేసి, మొరం పోసి, సిమెంటు పెళ్ళలు కలిసిపోయిన నేల. మూడోది భూమి లోపలి నుంచి తవ్వి పైకి తెచ్చి పోసింది. ఈ మూడింటినీ ఒకే కొలతతో కొలవడంలోనే చిక్కంతా ఉంది.

మొదటి రకం సంగతి శాస్త్రానికి బాగా తెలుసు. నేల పుట్టడానికి వాతావరణం, జీవులు, నేలవాలు, మూలశిల, కాలం అనే ఐదూ కావాలని హాన్స్ జెన్నీ 1941లో తన పుస్తకంలో సూత్రీకరించాడు. మన రైతులు ఆ సూత్రం చదవకపోయినా నేలను పేరు పెట్టి పిలవడంలో అదే తెలివి చూపారు. ఎర్ర చల్క, ఇసుక దుబ్బ, నల్ల రేగడి, చౌడు. చల్క తొందరగా దున్నకానికి వస్తుంది, తొందరగా ఆరిపోతుంది, వాన తర్వాత పైన పొర కడుతుంది. రేగడి నీళ్ళు పట్టి ఉంచుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే నాగలికి అంటుకుంటుంది. పీహెచ్ 8 దాటిన రేగడిలో జింకు, ఇనుము ఉన్నా మొక్కకు అందవు. వరిలో నాటిన కొద్ది వారాలకే ఆకుల మీద తుప్పు మచ్చలొస్తే అది జింకు లోపమని ఇక్కడ చాలామంది రైతులు చూడగానే చెబుతారు. నేలలో జింకు 0.6 పీపీఎం కంటే తగ్గితే లోపమని ల్యాబు లెక్క.

ఈ పొలాల విషయంలో కార్డును పట్టించుకోకపోవడమే అసలు లోటు. తెలంగాణలో ఏళ్ళ తరబడి డీఏపీ వేసిన వరి నేలల్లో భాస్వరం పేరుకుపోయింది. భాస్వరం తగ్గించుకోండి, నేలలో ఉన్నదాన్నే కరిగించే పీఎస్‌బీ బాక్టీరియా వేసుకోండి అని వ్యవసాయ విశ్వవిద్యాలయం, వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతున్నాయి. కార్డులో భాస్వరం హెక్టారుకు 25 కిలోలు దాటిందంటే ఎక్కువ ఉన్నట్టే. అయినా దుక్కిలో బస్తా పడుతూనే ఉంటుంది. ఇక యూరియా. రామగుండంలో 1999లో మూతపడ్డ ఎరువుల కర్మాగారం స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే, అన్నిటికంటే చవకైన ఆ ఎరువు వైపే చెయ్యి పోతుంది. రైతును తప్పు పట్టలేం. ధరలన్నీ అటే తోస్తున్నాయి.

సేంద్రియ కర్బనం గురించి మాత్రం కాస్త నిదానంగా లెక్క వేసుకోవాలి. అది 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. ఎకరం నేలలో పైన ఆరంగుళాల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం అక్కడ నిలవాలి. ఐదు టన్నుల పెంట తోలితే అందులో సగం నీళ్ళే; మిగిలినదాంట్లో కర్బనం ఐదారు వందల కిలోలకు మించదు. మన ఎండలకు సూక్ష్మజీవులు అందులో ఎక్కువ భాగాన్ని ఆ ఏడాదే తిని గాలిలోకి వదిలేస్తాయి. అందుకే ఒక్క ఏడాది పెంట తోలి మరుసటి ఏడాది కార్డులో తేడా వెతకడం వృథా. జీలుగో జనుమో వేసి కలియదున్నడం, కొయ్యకాళ్ళు కాల్చకపోవడం, చెరువు పూడిక మట్టి తోలడం, ఇవన్నీ ఏళ్ళకేళ్ళు కలిస్తేనే ఆ అంకె కదులుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి మళ్ళీ చేలకు చేరింది. దుబ్బ నేలకు దానిలోని బంకమట్టి కంటే మంచి మందు లేదు.

ఇక గుట్టల సంగతి. బొగ్గు పొర మీదున్న ఇసుకరాయి, షేల్, బంకమట్టి పొరలను పేల్చి, వంద టన్నుల డంపర్లతో తెచ్చి పోస్తే ఓబీ గుట్ట తయారవుతుంది. జెన్నీ చెప్పిన ఐదింటిలో దీనికి రెండు కొరవడ్డాయి. జీవులు లేవు, కాలం గడవలేదు. ప్రపంచ నేలల వర్గీకరణలో మనిషి చేసిన ఇలాంటి నేలలకు టెక్నోసాల్స్ అని 2006లో ప్రత్యేక తరగతి పెట్టారు. అంటే దీన్ని చెడిపోయిన చల్కగా కాక కొత్త పదార్థంగా చూడాలని శాస్త్రమే ఒప్పుకుంది. కానీ ల్యాబులో దానికి వేరే కొలతలు పెట్టలేదు.

ల్యాబు బల్ల మీద ఆ మట్టికి ఏం జరుగుతుందో చూడండి. నమూనాను నీడన ఆరబెట్టి, చెక్క సుత్తితో దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. జల్లెడ మీద మిగిలిన రాళ్ళు చెత్తబుట్టలోకి పోతాయి. పొలం మట్టిలో అవి గుప్పెడు కూడా ఉండవు కాబట్టి నష్టం లేదు. ఓబీ మట్టిలో సగానికి సగం రాయే కావచ్చు. కింద పడిన మెత్తటి మట్టిని పరీక్షించి, పీపీఎంలో వచ్చిన అంకెను 2.24తో గుణించి హెక్టారుకు కిలోల్లో రాస్తారు. హెక్టారులో ఆరంగుళాల లోతున 22.4 లక్షల కిలోల మెత్తటి మట్టి ఉందన్న నమ్మకం మీద నిలిచిన లెక్క అది. బరువులో సగం రాయైతే మెత్తటి మట్టి ఆ సగమే ఉంటుంది. కార్డులో 200 కిలోల పొటాష్ ఉందంటే వేరుకు దొరికేది 100. నీళ్ళు పట్టే శక్తి కూడా అంతే తగ్గుతుంది. రాళ్ళ శాతం రాసే గడి కార్డులో లేదు.

దంచడంతో ఇంకోటి కూడా పోతుంది. డంపర్లు, డోజర్లు తిరిగి తిరిగి అణగదొక్కిన గట్టిదనం చెక్క సుత్తి దెబ్బకు మాయమవుతుంది. బీకరులో చేరేసరికి ఏ మట్టైనా పిండే. నేల మీద మాత్రం వేరు అడుగు లోతు కూడా దిగలేక పక్కకు తిరుగుతుంది. అమెరికాలో ఈ పాఠం చాలా నష్టపోయాక నేర్చుకున్నారు. గని తవ్విన భూమిని బాగుచేయాలన్న 1977 చట్టం అక్కడ వచ్చాక గనుల కంపెనీలు భూమిని పూర్వపు వాలుకు తెచ్చి నున్నగా చదును చేసి గడ్డి చల్లేవి. చూడటానికి పచ్చగానే ఉండేది, అడవి మాత్రం రాలేదు. అపలాచియన్ కొండల్లో 2004 నుంచి పద్ధతి మార్చారు. పై నాలుగడుగుల పదార్థాన్ని అణచకుండా వదులుగా వదిలేసి చెట్లు నాటడం మొదలుపెట్టారు. ఎరువు కంటే ముందు ఆ వదులుతనమే చెట్లను బతికించింది.

ల్యాబు లెక్కలో మూడో చిక్కు అన్నిటికంటే మోసం చేసేది. సేంద్రియ కర్బనం కొలవడానికి మన ల్యాబుల్లో ఎక్కువగా వాడేది 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతి. గ్రాము మట్టిలో 10 మిల్లీలీటర్ల పొటాషియం డైక్రోమేట్, 20 మిల్లీలీటర్ల గాఢ గంధకామ్లం పోసి తిప్పుతారు. ఫ్లాస్కు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అరగంట ఆగి, నీళ్ళు పోసి, డైఫినైలమైన్ చుక్కలు వేసి, బ్యూరెట్ నుంచి ఫెర్రస్ అమోనియం సల్ఫేట్ బొట్టుబొట్టుగా వదులుతారు. ఊదా నీలం ఒక్క చుక్కతో పచ్చగా తిరిగే క్షణమే లెక్క. ఎంత డైక్రోమేట్ ఖర్చయితే మట్టిలో అంత కర్బనం ఉన్నట్టు. కానీ డైక్రోమేట్‌కు కుళ్ళిన ఆకు ఏదో, బొగ్గు పొడి ఏదో తెలియదు. ఆకును ఎక్కువగా, బొగ్గును కొంతగా, రెంటినీ కాలుస్తుంది. ఓబీ మట్టిలో బొగ్గు తునకలు, నల్ల షేల్ పొడి కలిసి ఉంటాయి కాబట్టి కర్బనం అంకె పెరిగి కనిపిస్తుంది. కోట్ల ఏళ్ళ కింద రాయైపోయిన ఆ కర్బనాన్ని సూక్ష్మజీవి తినలేదు, వేరు వాడుకోలేదు.

సంగతి అక్కడితో ఆగదు. చాలా చోట్ల నత్రజనిని విడిగా కొలవకుండా సేంద్రియ కర్బనం అంకె నుంచే అంచనా కట్టే అలవాటుంది. బొగ్గు వల్ల కర్బనం ఎక్కువని వస్తే నత్రజని కూడా ఎక్కువని రాస్తారు, ఎరువు తగ్గించమంటారు. ఆకలితో ఉన్న మొక్కకు ఉపవాసం రాసిచ్చినట్టవుతుంది. నిజానికి బొగ్గు గనుల గుట్టల మీద మొదటి ఏళ్ళలో అన్నిటికంటే పెద్ద కరువు నత్రజనిదే. సింగ్రౌలీ గుట్టల మీద కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన జె.ఎస్. సింగ్ బృందం ఏళ్ళ తరబడి చేసిన పని ఈ సంగతి మీదే నడిచింది: ఏ చెట్టు కింద ఎంత ఆకు రాలింది, అది ఎంత తొందరగా కుళ్ళింది, నత్రజని ఎంత చేరింది. బొగ్గు కర్బనాన్ని వేరుచేసి లెక్కించే పద్ధతులు పరిశోధనాలయాల్లో ఉన్నాయి. బొగ్గులో రేడియోకార్బన్ మిగిలి ఉండదు, నిన్నటి ఆకులో ఉంటుంది. ఆ తేడాతో లెక్క తేల్చవచ్చు. జిల్లా ల్యాబు నుంచి అది ఆశించలేం. కనీసం నమూనా సంచి మీద ‘గని మట్టి, బొగ్గు కలిసింది’ అని రాసి, నత్రజనిని పర్మాంగనేట్ పద్ధతిలో విడిగా కొలవమని అడగవచ్చు. హెక్టారుకు 280 కిలోల లోపు వస్తే లోపమే, కర్బనం అంకె ఎంతున్నా సరే.

ఒక్క విషయంలో గోదావరి లోయ అదృష్టవంతురాలు. ఇక్కడిది గోండ్వానా బొగ్గు, గంధకం తక్కువ. అస్సాం, మేఘాలయ బొగ్గులో గంధకం ఎక్కువ కాబట్టి అక్కడి గనుల నీళ్ళు ఆమ్లంగా మారి వాగులను చంపుతున్నాయి. ఆ స్థాయి ముప్పు మనకు లేదు. గని నీళ్ళు పొలానికి వాడుకునేవాళ్ళు మాత్రం ఈసీ, సల్ఫేట్, కఠినత్వం ఒకసారి చూపించుకోవాలి. మట్టితో పాటు నీళ్ళనూ పరీక్షకు పంపే అలవాటు మనకు చాలా తక్కువ.

క్వార్టర్ల పెరడు కథ వేరు. అక్కడి మొక్కను గట్టి మొరం, కలిసిపోయిన సున్నం, సిమెంటు సతాయిస్తాయి. గులాబీ, జామ, నిమ్మ లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా నిలిచాయంటే ఇనుము అందడం లేదని గుర్తు. నేలలో ఇనుము లేక కాదు, పీహెచ్ పెరిగి అది కరగక. అక్కడ యూరియా వేస్తే ఏమీ ఒరగదు. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది, అర గ్రాము నుంచి గ్రాము దాకా నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద వారం పది రోజుల ఎడంతో పిచికారీ చేస్తే పచ్చదనం తిరిగొస్తుంది. శాశ్వతంగా కావాలంటే గుంత పెద్దగా తీసి, పెళ్ళలు ఏరి, ఎర్రమట్టి, చెరువు మట్టి, మాగిన పెంట నింపాలి. ట్రాక్టరు ట్రిప్పు ఎర్రమట్టి తెప్పించి మొరం మీద అరడుగు పరిచేస్తే చాలదు. నీళ్ళు ఆ రెండు పొరల మధ్య నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. కింద పొరను గడ్డపారతో పగలగొట్టాకే పై మట్టి పోయాలి.

బూడిద గురించి అడిగేవాళ్ళు చాలామంది. 1983 నుంచి కరెంటు ఇస్తున్న రామగుండం ఎన్టీపీసీ బూడిద ఈ ప్రాంతంలో అందుబాటులో ఉన్న వస్తువు. బూడిద రేణువులు మెత్తనివి కాబట్టి ముతక ఇసుక నేలలో తక్కువ మోతాదులో కలిపితే తేమ కాస్త నిలుస్తుంది. అందులో పొటాష్, కాల్షియం, బోరాన్ ఉంటాయి. నత్రజని మాత్రం లేదు. మోతాదు మించితే ఆ బోరానే విషం. బూడిదలో ఉండగల ఆర్సెనిక్, సీసం వంటి భారలోహాలు కార్డులోని పన్నెండింటిలో లేవు. అందుకని కూరగాయల మడిలో బూడిద వేయాలనుకుంటే ముందు ఆ పరీక్ష వేరే చేయించాలి. చేయించలేకపోతే వేయకపోవడమే నయం.

పై మట్టిని కాపాడుకుంటే ఇన్ని తిప్పలుండేవి కావు. గని తవ్వే ముందు పై మట్టిని విడిగా తీసి నిల్వ చేసి, గుట్ట తయారయ్యాక దాని మీద పరచాలని పర్యావరణ అనుమతుల్లోనే షరతు ఉంటుంది. షరతు మంచిదే. కానీ ఎత్తైన కుప్పగా పోసి ఏళ్ళ తరబడి వదిలేస్తే లోపల గాలాడక సూక్ష్మజీవులు, వానపాములు, గడ్డి విత్తనాలు చచ్చిపోతాయి. చివరికి పరిచేది ప్రాణం లేని మట్టి. కుప్ప తక్కువ ఎత్తులో ఉండాలి, దాని మీద పప్పుజాతి పైరు పెరుగుతూ ఉండాలి, వీలైనంత తొందరగా వాడెయ్యాలి. జర్మనీలోని రైన్ ప్రాంతపు లిగ్నైట్ గనుల్లో గాలి తెచ్చిన లోయస్ మట్టిని విడిగా తవ్వి, రెండు మీటర్ల మందాన తిరిగి పరిచి, మొదటి ఏళ్ళు ఆల్ఫాల్ఫా పండించి, ఆ తర్వాతే రైతుకు అప్పగిస్తారు. రెండు మీటర్ల సారవంతమైన మట్టి మన దగ్గర లేదు. పప్పుజాతి మొక్కతో మొదలుపెట్టే పద్ధతి మాత్రం ఇక్కడ కూడా పనికొస్తుంది: స్టైలో గడ్డి, గ్లిరిసిడియా, కానుగ, ఆ వెనక వేప, వెదురు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు మాంగనీసు గనుల గుట్టల మీద చక్కెర మిల్లు మడ్డి, రైజోబియం, మైకోరైజా శిలీంధ్రం కలిపి వేసి చెట్లు నిలబెట్టారు. అక్కడ పని చేసింది ఎరువు కంటే ఎక్కువగా వేరుకు తోడుగా పంపిన ప్రాణులే.

ఇంటి దగ్గర చేసుకోగల పరీక్షలు కొన్నున్నాయి. నా ఉద్దేశంలో బొగ్గు ప్రాంతంలో ల్యాబుకు పోయే ముందు ఇవే చేయాలి. వాన పడి రెండు రోజులయ్యాక సన్నటి ఇనుప చువ్వ గుచ్చి, ఎన్ని అంగుళాల దగ్గర ఆగిందో నాలుగైదు చోట్ల రాసుకోవాలి. అడుగు లోతు గుంత తీసి, నిండా నీళ్ళు పోసి, ఇంకాక మళ్ళీ పోసి, రెండోసారి ఎంతసేపటికి ఇంకాయో చూడాలి. పొద్దున పోసింది సాయంత్రానికీ నిలిచి ఉంటే ఆ చోట ముందు నేల పగలాలి, తర్వాతే మొక్క. బకెట్ మట్టిని ఇంట్లో జల్లెడ పట్టి, పైన మిగిలిన రాళ్ళనూ కింద పడిన మట్టినీ తూకం వేయాలి. నల్ల పలుకులు కనిపిస్తే వేళ్ళ మధ్య నలపాలి. నల్లగా అంటి గరగరలాడితే బొగ్గు అని అనుమానించాలి. కొత్త నూలు గుడ్డ ముక్కను ఆరంగుళాల లోతున పాతి రెండు నెలలకు తీస్తే, ఎంత చిల్లులు పడితే అంత ప్రాణం ఆ మట్టిలో ఉన్నట్టు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం రూపొందించిన నేల ఆరోగ్య పరీక్షలో గట్టిదనం, పెళ్ళ నీళ్ళకు విరిగే తీరు, సూక్ష్మజీవుల శ్వాస వంటివి కార్డులోనే భాగం. మన కార్డులోకీ అవి రావాలి.

నమూనా తీయడంలోనూ మామూలు నియమాలకు కొన్ని కలపాలి. పొలంలోనైతే పంట కోసాక, ఎరువు వేయకముందు, గట్ల పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప చోట వదిలేసి, అడ్డదిడ్డంగా పది పదిహేను చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంత తీసి, పక్క గోడ నుంచి పై నుంచి కిందిదాకా సమంగా చెక్కి, అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. సూక్ష్మపోషకాలు చూడాలంటే తుప్పు పట్టిన పార వాడకూడదు. పండ్ల తోటకైతే మూడడుగుల దాకా అడుగుకొక నమూనా. గుట్టల మీద దీనికి తోడు పైభాగం, వాలు, అడుగు మూడూ వేర్వేరు సంచుల్లో ఉండాలి, ఎందుకంటే మెత్తటి మట్టి వానకు కొట్టుకొచ్చి అడుగునే చేరుతుంది. అక్కడి మట్టి తీసి గుట్టంతా బాగుందనుకోవడం తేలిక. రామగిరిఖిల్లా పేరుతో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం ఈ జిల్లాదే. సలహాకు దూరం పోనక్కర్లేదు.

సింగరేణి గుట్టల మీద ఏటా మొక్కలు నాటుతోంది, ఎన్ని నాటిందో లెక్క చెబుతోంది. ఆ లెక్క పక్కన ఇంకో లెక్క కూడా రావాలి. నాటిన ఏడాది, ఐదో ఏడాది, పదో ఏడాది, అవే చోట్ల, అదే లోతులో, అదే పద్ధతిలో తీసిన మట్టిలో రాళ్ళ శాతం ఎంత, చువ్వ ఎంత దిగింది, బొగ్గు పోను కర్బనం ఎంత, నత్రజని ఎంత, నీళ్ళు ఎంతసేపట్లో ఇంకాయి అన్నది గుట్ట పేరుతో సహా ప్రకటించాలి. ఏ చెట్టు కింద నేల నిజంగా కోలుకుంటోందో, ఏ చెట్టు కింద ఆకుపచ్చ రంగు తప్ప ఏమీ మారలేదో అప్పుడు తెలుస్తుంది. వచ్చే ఏడాది నర్సరీలో ఏ విత్తనం పోయాలో నిర్ణయించాల్సింది ఆ అంకెలు చూశాకే.